పంటిలోని జీవము

బంగాళాఖాతమున, విశాఖపట్టణమునకు రమారమి 1,200 కిలోమీటర్ల దూరమున, అండమాను నికోబారు దీవులు ఉత్తర దక్షిణములుగా వరుసదీరి యున్నవి. దీవులు ఎనిమిది వందలకు పైబడి యున్నను, 2011వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి మనుష్యులు నివసించుచుండినవి 31 మాత్రమే. ఆ లెక్కలలో తేలిన 3,80,581 మంది జనులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. వీరిలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి చేపలవేటకును, కూలిపనికిని, వ్యాపారమునకును వచ్చి స్థిరపడిన కుటుంబములవారు.

ఈ దీవులలో రోగి మొదట లెక్కించుకొనవలసినది దూరము. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్టు బ్లెయిరునందు గోవింద వల్లభ పంత్ వైద్యశాల కలదు. మాయాబందరులో రాజేంద్రప్రసాద్ పేరను, కారు నికోబారులో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరను వైద్యశాలలు కలవు. అయినను హట్ బే వాసికి రాజధాని సుమారు 120 కిలోమీటర్ల సముద్రమునకు ఆవల నున్నది; కాంబెల్ బే వాసికి ఆ దూరము సుమారు 540 కిలోమీటర్లు. నైరుతి ఋతుపవనము వీచు నెలలలో కడలి పొంగినచో ఓడ రేవునందే నిలిచిపోవును. హెలికాప్టరులో చోటు ప్రాణాపాయమున నున్నవారికి ముందుగా దక్కును; అది న్యాయమే. పంటిపోటు గలవాడు వెనుకకు తగ్గి, ఇంటిలో నున్న మాత్ర మ్రింగి, లవంగనూనె అద్దుకొని రాత్రులు గడపును. కొన్ని దినములకు పోటు దానంతట అదియే తగ్గును. అంతట ఓడప్రయాణమను మాట మరచిపోవును.

తగ్గిన ఆ పోటునకు రెండు అర్థములు కలవు. అవి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధములు. పంటిలోని జీవధాతువు శత్రువును అణచి కోలుకొనియుండవచ్చును. లేదా అది చచ్చిపోయి, నొప్పిని తెలుపు నరము కూడ దానితో నశించియుండవచ్చును. బయటి మనుష్యునకు ఈ రెండును ఒకే నెమ్మదిగా తోచును. ఈ భేదమును గ్రహించుటకు పంటి లోపల ఏమి జరుగుచున్నదో కొంత తెలిసికొనవలసి యున్నది.

పంటి కట్టడము

పైకి కనబడు తెల్లని పొరకు ఎనామిలని పేరు. మానవశరీరమున దీనిని మించిన గట్టి పదార్థము లేదు. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే. దానియందు జీవకణములు లేవు గావున ఒకసారి గుంట పడినచో ఆ గుంట తిరిగి పూడదు. దాని క్రింద పసుపువన్నె గల డెంటీను అను దంతధాతువు కలదు. డెంటీను నిండ మిక్కిలి సన్నని గొట్టములుండును. లోపలి అంచున ఒక్క చదరపు మిల్లీమీటరు మేరలో ఇవి 45,000కు పైగా నుండును. ఒక్కొక్కదాని వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవవంతులు రెండున్నర మాత్రమే. బయటి అంచునకు పోయినకొలది సంఖ్యయు వెడల్పును తగ్గును. ఈ గొట్టములలో ద్రవము నిండియుండును.

డెంటీను నడుమనున్న చిన్న గదిలో దంతమజ్జ, అనగా వాడుకలో పంటిగుజ్జు, ఉండును. రక్తనాళములు, నరములు, జీవకణములు కూడిన మెత్తని ధాతువు ఇది. నోటిలోని 32 పండ్ల గుజ్జును ఒక్కచోట చేర్చినను అర మిల్లీలీటరు నిండదు. దీనికి రక్తము వేరు కొనయందలి రంధ్రము గుండ వచ్చును. ఎదిగినవారి పంటిలో ఆ రంధ్రము సాధారణముగా అర మిల్లీమీటరు వెడల్పు కూడ నుండదు.

గుజ్జునకును డెంటీనునకును మధ్య ఒక వరుస కణములు సిపాయిలవలె నిలిచియుండును. వీనికి ఒడాంటోబ్లాస్టులని పేరు. దంతజనక కణములని చెప్పుకొనవచ్చును. ఒక్కొక్క కణము తన తోకను ఒక్కొక్క గొట్టములోనికి చాచియుండును. పంటిని కట్టినది ఈ కణములే. పన్ను మొలచిన పిమ్మటను ఇవి విశ్రమింపవు. ఆయువున్నంత కాలము లోపలి గోడకు పలుచగా డెంటీనును అతుకుచునే యుండును. వృద్ధుల పండ్లలో గుజ్జు గది ఇరుకగుటకు కారణమిదే. చల్లని నీరు తగిలినపుడు పన్ను జివ్వుమనుట కూడ ఈ గొట్టముల చలువయే. గొట్టములోని ద్రవము చలికి కదలినపుడు లోపలి నరము ఆ కదలికను నొప్పిగా గ్రహించునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు మార్టిన్ బ్రాన్‌స్ట్రోం 1960వ దశాబ్దమున నిరూపించెను.

పురుగు కథ

పుచ్చుపంటిలో పురుగు కలదను నమ్మకము అతి ప్రాచీనము. సుశ్రుతుడు కృమిదంతకమని ఒక దంతరోగమును పేర్కొనెను. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులను రాల్చుట తెలుగుపల్లెలలో పాత అలవాటు. ఐరోపాలో ఇదే పనికి ఖురాసానీ వాము గింజలను వాడిరి. పొగలో రాలిన ‘పురుగులు’ ఆ గింజల లోపలి వంకర మొలకలే యని పిమ్మట తేలెను. నిజమైన శత్రువు కంటికి ఆనదు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థమును పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లము పంటి ఖనిజమును కరగించుననియు బెర్లినులో పనిచేసిన విల్లబీ మిల్లరు 1890లో వివరించెను. వానిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను సూక్ష్మజీవిని 1924లో ఇంగ్లండులో క్లార్కు అను వైద్యుడు గుర్తించెను. కృమి యని ప్రాచీనులు ఊహించినది పూర్తిగా తప్పు కాదనియే చెప్పవలెను. దాని పరిమాణమును మాత్రము వారు పొరబడిరి.

గుజ్జులోని రక్షణ

సూక్ష్మజీవులు గుజ్జును తాకకముందే గుజ్జునకు వార్త అందును. వాని గోడల తునకలును, అవి విడుచు విషములును గొట్టముల ద్రవములో కలిసి లోనికి ఊరును. ఒడాంటోబ్లాస్టుల పొరమీద ఈ తునకలను ఆనవాలు పట్టు గ్రాహకములు కలవు. టోల్ గ్రాహకములని వీనికి పేరు. ఆనవాలు చిక్కినంతనే ఆ కణములు సైటోకైనులను రసాయనిక దూతలను గుజ్జులోనికి పంపును. గొట్టములలో కొన్ని ఖనిజముతో మూసికొనిపోవును. తెరచియున్న గొట్టములలో ద్రవము లోపలినుండి బయటికి ప్రవహించుచు, తనతో కొన్ని రక్షక పదార్థములను తీసికొనిపోయి శత్రువునకు ఎదురొడ్డును.

దూతలు పిలిచినంతట తెల్లరక్తకణములు తరలివచ్చును. కొమ్మలవంటి చేతులు గల కొన్ని కణములు శత్రువు నమూనాను పట్టుకొని దవడ క్రింది గ్రంథులకు పోయి అచటి లింఫు కణములకు చూపించును. పంటిపోటు కలిగినపుడు దవడ క్రింద బిళ్ల కట్టుటకు ఇది యొక కారణము. ఆ విధముగా నేర్చిన లింఫు కణములు గుజ్జునకు వచ్చి ఆ సూక్ష్మజీవికే తగిన ప్రతిదేహములను తయారుచేయును. మరికొన్ని కణములు శత్రువును నేరుగా మ్రింగును. శరీరమున ఇట్టి భక్షక కణములున్నవని రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ 1882లో ఇటలీలోని మెస్సీనా సముద్రతీరమున నక్షత్రచేప పిల్లలలో కనుగొని, 1908లో నోబెలు బహుమానమును పొందెను.

నరములు కూడ ఈ పనియందు పాల్గొనును. నొప్పిని మెదడునకు తెలుపుటతో తృప్తిపడక, కొన్ని పదార్థములను విడిచి రక్తనాళములను వెడల్పుచేసి, రక్తమును అధికముగా రప్పించును. ఎర్రదనము, వేడి, వాపు, నొప్పి అను లక్షణములతో కూడిన ఈ స్థితినే శోథ యందురు. చేతిమీద శోథ కలిగినచో చర్మము ఉబ్బి చోటిచ్చును. పంటిలో గోడలు గట్టివి. ఉబ్బుటకు చోటు లేదు. అందుచేత గుజ్జు తన వాపుతో తన రక్తనాళములనే నొక్కుకొని, ఉరి పోసికొన్నట్లు ఒక్కసారిగా చచ్చునని వైద్యులు చాలకాలము భావించిరి. పిమ్మట సూక్ష్మమైన సాధనములతో కొలిచి చూడగా, ఒత్తిడి శోథ గలిగిన చిన్న మేరకే పరిమితమై యుండుననియు, పక్కనున్న నాళములు అధికద్రవమును తిరిగి పీల్చుకొనుననియు తెలిసెను. ఒక మూల గుజ్జు చెడినను దాని ప్రక్కన ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరమున గుజ్జు ఆరోగ్యముగా నుండుట సాధ్యము. నేటి చికిత్సలలో కొన్నిటికి ఈ సంగతియే పునాది.

సూక్ష్మజీవులు ఎంత దూరమున నున్నవను లెక్క కూడ ముఖ్యమైనది. రీవ్స్, స్టాన్లీ అను ఇరువురు 1966లో ప్రకటించిన పరిశీలనలో, సూక్ష్మజీవులకును గుజ్జునకును మధ్య 1.1 మిల్లీమీటరు డెంటీను మిగిలియున్నంతవరకు గుజ్జు పెద్దగా కలతచెందలేదు. ఆ దూరము అర మిల్లీమీటరునకు తగ్గినపుడు శోథ స్పష్టమాయెను. గుజ్జు తాను క్రొత్తగా కట్టుకొన్న గోడలోనికి సూక్ష్మజీవులు చొచ్చినపుడు మాత్రమే తిరిగిరాని చెరుపు కలిగెను. అర మిల్లీమీటరనగా నాలుగైదు కాగితముల మందము. ఆ మందములో పంటి భవిష్యత్తు నిర్ణయమగుచున్నది.

మరమ్మతు

గుజ్జు కేవలము యుద్ధము చేయు ధాతువైనచో దానికి గెలుపు దుర్లభము. యుద్ధము సాగుచుండగనే గోడ కట్టుటలో దాని ప్రత్యేకత యున్నది. పుచ్చు నెమ్మదిగా సాగినపుడు, ఎదురుగా నున్న ఒడాంటోబ్లాస్టులు చావక, తమ పాత పనినే వేగముగా చేసి లోపలివైపున అదనపు డెంటీనును పోయును. దెబ్బ తీవ్రమై ఆ కణములు నశించినచో వాని స్థానమును పూరించుటకు గుజ్జులో మూలకణములు కలవు. ఎదిగినవారి దంతమజ్జనుండి ఇట్టి మూలకణములను స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావ్ షీ మున్నగువారు 2000 సంవత్సరమున వేరుచేసి చూపిరి. ఈ కణములు గాయమున్న చోటికి చేరి, ఒడాంటోబ్లాస్టులను పోలిన కణములుగా మారి, క్రొత్త గోడను కట్టును. ఈ గోడ పాతదానివలె క్రమమైన గొట్టములతో నుండదు. తొందరలో వేసిన రాతికట్టువలె నుండును. పని జరుగుట మాత్రము నిజము. వేగము స్వల్పము, దినమునకు సగటున మిల్లీమీటరులో వెయ్యవవంతులు ఒకటిన్నర. నూరు దినములకు ఒక మిల్లీమీటరులో ఏడవవంతు గోడ లేచును.

ఈ కణములను మేల్కొలుపునదేది? డెంటీను తయారగునపుడే అందులో వృద్ధికారక పదార్థములు కొన్ని చిక్కుకొని, ఏండ్ల తరబడి ఖనిజములో నిద్రించును. పుచ్చు పుట్టించు ఆమ్లము ఖనిజమును కరగించినపుడు అవియు విడుదలయై గుజ్జునకు చేరి మరమ్మతునకు పురికొల్పును. శత్రువు గోడను పడగొట్టుచుండగా ఆ గోడలో దాచిన ధనము ఇంటివారి చేత పడినట్లు ఇది జరుగును. స్వల్పమైన శోథ కూడ మరమ్మతునకు తోడ్పడును. శోథ ఏమాత్రము లేనిచో మూలకణములకు పిలుపు అందదు. అయితే శోథ తీవ్రమైనను, నెలల తరబడి సాగినను, ఆ పిలుపే నిషేధమగును. భక్షక కణములు విడుచు జీర్ణరసములు శత్రువుతోపాటు గుజ్జును కూడ కరగించును. చేలో పడిన పశువులను తరుముచు పైరునెల్ల తొక్కివేసినట్లగును. పిమ్మట చీము, ఆపై మృతి.

కాబట్టి వైద్యుడు చేయవలసినది శోథను పూర్తిగా రూపుమాపుట యనుకొనరాదు. దానికి కారణమైన సూక్ష్మజీవులను తొలగించి, అవి తిరిగి రాకుండ మూతవేసినచో మిగిలిన పనిని గుజ్జు చేసికొనును. దీనిని నిరూపించిన ప్రయోగము 1965లో అమెరికాలోని జాతీయ దంతపరిశోధన సంస్థవారిది. కకేహాషి, స్టాన్లీ, ఫిట్జిరాల్డు అను మువ్వురు కొన్ని ఎలుకల దవడపండ్లకు గుజ్జు వరకు రంధ్రములు చేసి, ఏ మూతయు వేయక విడిచిరి. సామాన్యముగా పెరిగిన ఎలుకలలో గుజ్జు చచ్చి వేరు క్రింద చీము పట్టెను. పుట్టుకనుండి సూక్ష్మజీవులు సోకని గాజుగదులలో పెరిగిన ఎలుకలలో మాత్రము, తిండి తునకలు రంధ్రములో నిండియున్నను, గుజ్జు బ్రతికి రంధ్రమునకు అడ్డముగా డెంటీను వంతెన కట్టెను. గాయము అందరికిని ఒక్కటే. భేదము సూక్ష్మజీవులలో మాత్రమే యుండెను.

తాంబూలపు సున్నము, వైద్యుని సున్నము

గుజ్జు బయటపడిన చోట వేయు మందు తెలుగువారికి చిరపరిచితమైనది. 1920లో జర్మనీ దంతవైద్యుడు హెర్మను కాల్షియము హైడ్రాక్సైడును దంతచికిత్సలో ప్రవేశపెట్టెను. అది తడిసున్నము తప్ప వేరు కాదు. దాని క్షారగుణము సూక్ష్మజీవులను చంపును. తాకిన చోట గుజ్జు పైపొరను కొంచెము కాల్చి, దాని క్రింద మరమ్మతును మేల్కొలుపును. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయమున తొరాబినెజాద్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును ప్రకటించిన ఎం.టి.ఏ. అను క్రొత్త సిమెంటు, ఇండ్లు కట్టు పోర్ట్‌లండు సిమెంటునకు దగ్గరి చుట్టము. అదియు తడితో గట్టిపడునపుడు సున్నమునే విడుచును. పైగా అది చక్కగా అతుకుకొని సూక్ష్మజీవులకు దారి మూయును.

ఇంతమాత్రమున తాంబూలపు డబ్బాలోని సున్నమును పుచ్చుపంటిలో కూరుట తగునని ఎవరును తలపరాదు. పుచ్చును తీయక పైని వేసిన సున్నము శత్రువును లోపల బంధించును. చిగురును, నాలుకను పొక్కించును. వైద్యుని సున్నము పనిచేయునది దాని క్రింద శుభ్రమైన గుజ్జు, దాని మీద గట్టి మూత ఉన్నపుడే. ఆస్పిరిను మాత్రను చిగురుకు ఆనించి పెట్టుకొను అలవాటు కూడ చిగురును కాల్చునదే.

తాంబూలమును గూర్చి ఇంకొక మాట. వక్కతోటలు గల ఈ దీవులలో తెలుగువారును, నికోబారీలును, ఇతరులును వక్క నమలుట సాధారణము. ఏండ్ల తరబడి నమలినవారి దవడపండ్లు సగము వరకు అరిగినను గుజ్జు బయటపడకుండుట వైద్యులు చూచినదే. అరుగుదల నెమ్మదిగా సాగుటచేత లోపలి గోడ దానితో పోటీగా పెరుగుచు వచ్చును. గుజ్జు సామర్థ్యమునకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. వక్కకు మాత్రము ఇది యోగ్యతాపత్రము గాదు. పొగాకు లేని ఒట్టి వక్క సైతము మనుష్యులలో క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించియున్నది.

ఆరవ ఏటి దవడపన్ను

ఈ విషయమంతటిలో తల్లిదండ్రులకు అన్నిటికంటె అవసరమైన భాగమిది. బిడ్డకు ఆరవ ఏట, పాలపండ్ల వరుసకు వెనుకగా, పై దవడను క్రింది దవడను నాలుగు పెద్ద దవడపండ్లు మొలచును. అవి ఏ పాలపంటిని త్రోసి రావు. ఏదియు ఊడకుండగనే వచ్చును. అందుచేత పెద్దవారు వానిని పాలపండ్లలోనే చేర్చి లెక్కింతురు. ఏడెనిమిదేండ్ల పిల్లకు ఆ పన్ను పుచ్చి తల్లి కలతచెందినపుడు, “పాలపన్నే గదమ్మా, దానంతటదే ఊడిపోద్ది” అని అత్తగారు ధైర్యము చెప్పుట తెలుగు ఇండ్లలో వినవచ్చు మాట. ఆ పన్ను ఊడినచో మరల రాదు. డెబ్బది ఏండ్లు నమలవలసిన పన్ను అది.

దానియందు వేరొక విశేషము కలదు. పన్ను నోటిలో కనబడు నాటికి దాని వేరు పూర్తికాలేదు. వేరు కొన మూసికొనుటకు ఇంకను మూడేండ్లు, అనగా తొమ్మిది పది ఏండ్ల వయసు వరకు, పట్టును. ఆ వేరును కట్టుచున్నది గుజ్జే. ఈ లోపల గుజ్జు చచ్చినచో వేరు పొట్టిగను, గోడలు పలుచగను, కొన గరాటువలె తెరచికొనియు ఆగిపోవును. అట్టి పన్ను చిన్న దెబ్బకు విరుగును. రూట్ కెనాల్ చికిత్సయు దానియందు కష్టసాధ్యము. అయితే ఆ తెరచిన కొనయే గుజ్జునకు వరము కూడ. విశాలమైన ద్వారము గుండ రక్తము సమృద్ధిగా వచ్చుటచేత, బాల్యమునందలి గుజ్జు పెద్దవారి గుజ్జుకంటె ఎన్నో రెట్లు సులభముగా కోలుకొనును. పోగొట్టుకొనుటకు మిక్కిలి ప్రమాదకరమైన కాలమే నిలుపుకొనుటకు మిక్కిలి అనువైన కాలము.

హట్ బే లో ఎనిమిదేండ్ల బాలిక ఒకతెకు ఆ పన్ను పుచ్చినదనుకొందము. మొదట చల్లని నీరు, మిఠాయి తగిలినపుడు జివ్వుమని, తీసినంతనే తగ్గును. ఇది గుజ్జు కలతచెందినదను గుర్తు. పుచ్చు తీసి మూత వేసినచో సాధారణముగా కోలుకొనును. కొన్ని వారములకు నీరు త్రాగిన పిమ్మట నొప్పి నిమిషముల తరబడి నిలుచును. వేడి తగిలిన హెచ్చును. రాత్రి పరుండినపుడు దానంతట అది పోటెత్తి బాలికను లేపును. శోథ లోతునకు దిగినదనుటకు ఇది గుర్తు. ఒకప్పుడు ఈ దశలో గుజ్జును అంతటిని తీసివేయుట తప్ప మార్గము లేదని బోధించెడివారు. నొప్పి తీరును బట్టి లోపలి స్థితిని ఖచ్చితముగా చెప్పజాలమని ఇప్పుడు తెలిసినది. వైద్యుడు మత్తుసూది వేసి, రబ్బరు తెర కట్టి, పుచ్చును తొలగించి, చెడిన పైభాగపు గుజ్జును మాత్రము కోసి, మందు తడిపిన దూదిని ఆనించి కొన్ని నిమిషములు చూచును. రక్తము నిలిచినచో మిగిలిన గుజ్జు బ్రతుకునని ఆశింపవచ్చును. దానిపై సిమెంటు వేసి మూయును. ఎదిగినవారి పండ్లయందు సైతము ఈ పద్ధతి అంగీకార్యమని ఐరోపా దంతాంతర చికిత్సకుల సంఘము 2019లోను, అమెరికా సంఘము 2021లోను ప్రకటించినవి.

ఇక ఆ బాలికకు ఓడ దొరకలేదు; పదునైదు దినములకు పోటు తగ్గినది. చల్లని నీరు తగిలినను పన్ను పలుకదు. ఇంటిలో అందరును సంతోషింతురు. చల్లదనమునకు పలుకని పన్ను కోలుకొన్నదనుకొనుట సాహసము. కొన్ని వారములకు కొరికినపుడు నొప్పియు, చిగురుమీద చిన్న కురుపును, అందుండి ఉప్పని చీమును కనబడినచో గుజ్జు చచ్చినదని రూఢి. అందుచేత పోటు వచ్చిన దినమును, తగ్గిన దినమును, చల్లని నీటికి పన్ను ఎట్లు పలికినదను సంగతిని కాగితముమీద వ్రాసికొని, పోటు తగ్గినను ప్రయాణము మానకుండుట మేలు.

ఓడ వచ్చువరకు

చక్కెర తగ్గించి, పుచ్చులో చిక్కిన తిండిని గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి తీయవలెను. నొప్పికి పారాసిటమాలు వంటి మాత్రను ఆరోగ్యకేంద్రమువారు చెప్పిన మోతాదులో వాడవచ్చును. లవంగనూనె ఒక చుక్క దూదితో పుచ్చులో ఉంచిన కొంత ఉపశమనము కలుగును; చిగురుకు తగులనీయరాదు, చిన్నపిల్లలకు మ్రింగనీయరాదు. యాంటీబయాటికు మాత్రలు బ్రతికియున్న గుజ్జు నొప్పిని తగ్గింపవని పరిశోధనలు స్పష్టము చేసినవి. అంగడిలో అడిగి తెచ్చిన నాలుగు మాత్రలకు పోటు తగ్గినట్లు తోచినచో, ఆ కీర్తి మాత్రలది కాదు; అది గుజ్జు మరణము కావచ్చును. ముఖము వాచి జ్వరము వచ్చినచో మాత్రము వాని అవసరము వైద్యుడు నిర్ణయించును.

ఒక స్థితిలో నిరీక్షణ పనికిరాదు. నాలుక క్రిందను, దవడ క్రిందను గట్టిగా వాచి, నోరు తెరచుట, మ్రింగుట, ఊపిరి తీయుట కష్టమైనచో అది లుడ్విగ్ వ్యాధి యగును. 1836లో దీనిని వర్ణించిన జర్మను వైద్యుని పేర ఇది వ్యవహరింపబడుచున్నది. పంటినుండి పుట్టిన ఈ వాపు శ్వాసమార్గమును మూసి గంటలలో ప్రాణము తీయగలదు. అట్టివానికి హెలికాప్టరులో మొదటి చోటునకు హక్కు కలదు. ఆరోగ్యకేంద్రమువారికి తడవు చేయక తెలుపవలెను.

దీవులలో పెక్కు గృహములు వాననీటిని, వాగునీటిని వాడును. వాననీటిలో ఫ్లోరైడు మిక్కిలి తక్కువ. నల్లగొండ ప్రాంతమున బావినీటిలో ఫ్లోరైడు అధికమై ఎముకలు వంగుట తెలుగువారెరిగినదే గాని, ఇక్కడి స్థితి అది కాదు. కావున ఫ్లోరైడు గల పేస్టుతో రోజునకు రెండుమార్లు తోముట ఇక్కడి పిల్లలకు మరింత అవసరము. మూడేండ్లు దాటిన బిడ్డకు బఠాణిగింజంత పేస్టు చాలును; తోమిన పిమ్మట ఉమ్మివేయవలెను.

చికిత్స జరిగిన పిమ్మట ఆరు నెలలకు ఒకసారియు, సంవత్సరమునకు ఒకసారియు పంటిని తిరిగి చూపించుకొనవలెను. వైద్యుడు ఎక్స్-రే తీసి మూడు సంగతులు పరీక్షించును: వేరు కొన క్రింద ఎముకలో నల్లని మచ్చ ఏర్పడలేదు గదా, బాలిక వేరు పొడవు పెరిగినదా, సిమెంటు క్రింద సన్నని తెల్లని గీత కనబడుచున్నదా యని. ఆ గీత క్రొత్త డెంటీను వంతెన. దానిని చూచుటకు పోవు ప్రయాణము నొప్పి లేని దినములలో చేయునది గావున, సముద్రము నెమ్మదిగా నుండు జనవరి నుండి ఏప్రిలు వరకు గల నెలలలో ఒక తేదీని చికిత్స జరిగిన నాడే వైద్యునితో నిర్ణయించుకొని, ఓడ టిక్కెట్టును దానికి తగినట్లు తీసికొనవచ్చును.